పాట వచ్చు... కట్టినాయన పేరు వచ్చా?

మొన్న మాఘమాసంలో మా ఇంట పెళ్లి జరిగింది. కోటబొమ్మాళిలో పెళ్లంటే పసుపు దంచే రోజునుంచే సందడి మొదలు! వాకిట్లో రోలు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముత్తైదువలంతా చుట్టూ చేరాం. రోకలి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతోంది. పాటా అంతే. ఒకరు ఎత్తుకోవడం, మిగతావాళ్లు అందుకోవడం!

మధ్యలో కుర్రకారు ఊరుకుంటారా? ఫోన్లో "లింగిడి" పాట పెట్టేశారు. 2023లో మా ఊరి పేరుతో 'కోటబొమ్మాళి పి.ఎస్.' అని సినిమా వచ్చింది చూడండి, అందులోది. ఆ పాట వచ్చిన కొత్తలో ఎక్కడో హైదరాబాదులో ఉన్న చుట్టాలు కూడా "మీ యాసలో పాట భలే ఉంది వదినా!" అని ఫోన్లు చేశారు. మాకూ లోపల్లోపల కాస్త గర్వమే.

అంతా ఊగిపోతూంటే, డిగ్రీ చదువుతున్న మా ఆడపడుచు కూతురు నా చెవి దగ్గరికొచ్చి అడిగింది. "అత్తా, ఈ పాట ఎవరు రాశారో తెలుసా?"

తెలీదు. పక్కావిణ్ణి అడిగాను. ఆవిడకీ తెలీదు. అక్కడున్న పదిహేను మందిమీ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. సినిమాలో ఎవరు నటించారో తెలుసు, ఏ పెళ్లిలో ఎవరు ఈ పాటకి డాన్సు చేశారో కూడా తెలుసు. రాసినవాళ్ల పేరు మాత్రం ఒక్కరికీ తెలీదు!

మా అత్తగారు రోకలి పక్కన పెట్టి నవ్వేశారు. "పాటకి రాసినోడేటే గుంటా? మా యమ్మ పాడింది, నాను పాడినాను, ఇప్పుడు మీరు పాడతన్నారు. నోట్లోంచి నోట్లోకి వొచ్చిందే గానీ!"

అందరం నవ్వాం. పిల్ల నవ్వలేదు. "ఎవరో ఒకరు మొట్టమొదట కట్టుండాలి కదా అమ్మమ్మా?" అంది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో వెతికి చూశాను. సినిమా వివరాల్లో ఆ పాట రాసినవారిగా పి.రఘు అన్న పేరు కనిపించింది. అంటే పేరు అక్కడే ఉంది. చూడాలని మనకే తోచలేదు!

వంటకి పేరుంది... పాటకి లేదేం?

మన వంటల పేజీనే తీసుకోండి. ఎవరో ఒకావిడ చోడిపిండితో కొత్త రకం జంతికలు చేసి పంపితే, కింద ఆవిడ పేరూ ఊరూ వేస్తారు. జంతికలు ఆవిడ కనిపెట్టినవి కాకపోవచ్చు. అయినా ఆ పాళ్లు, ఆ చేతివాటం ఆవిడవి. పేరు చూసుకుని ఆవిడ ఎంత మురిసిపోతుందో మనకి తెలుసు. పక్కింటివాళ్లు చేసుకుని "ఫలానా ఆవిడ జంతికలు చేశానండీ" అని చెప్పుకుంటే అదొక ఆనందం.

మరి పాట దగ్గరికొచ్చేసరికి ఎందుకిలా? పల్లెపాట అనగానే "అది జానపదం, ఎవరిదీ కాదు" అనేస్తాం. నిజమే, వందల ఏళ్లుగా ఎందరి నోళ్లలోనో నలిగి వచ్చిన పాటలున్నాయి. వాటిని ఎవరు కట్టారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ అచ్చం అలాంటి పాటే, మన కాలంలో, మన జిల్లాల్లో, ఒక మనిషి కూర్చుని కట్టిందైతే? దాన్నీ "ఎవరిదీ కాదు" అనేస్తే ఆ మనిషికి అన్యాయం కాదూ!

అలాంటి మనిషి ఒకాయన ఉన్నారు. మన ఉత్తరాంధ్రవాడే. ఆయన పాట విననివాళ్లు తెలుగుదేశంలో దాదాపు ఉండరు. ఆయనే వంగపండు ప్రసాదరావు గారు.

పెదబొండపల్లి కుర్రాడు

వంగపండు గారు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. అప్పట్లో జిల్లా విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 1979నుంచి విజయనగరం. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. జిల్లాల పేర్లు మారాయి గానీ ఊరి భాష మారలేదు, ఊరి పాటా మారలేదు.

ఈ ప్రాంతంలో పుట్టిన పిల్లలకి సంగీతం నేర్చుకోడానికి ఏ కాలేజీకీ వెళ్లక్కర్లేదు. ఉభాల రోజులొచ్చాయంటే పొలంగట్టే కాలేజీ! ఆడవాళ్లు వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తూంటారు. గొంతున్నావిడ ఒకరు పాట ఎత్తుకుంటుంది. మిగతావాళ్లంతా పల్లవి అందుకుంటారు. వాళ్లు పాడే ఆ కాసేపూ మొదటావిడకి ఊపిరి తీసుకోడానికి వ్యవధి, తర్వాతి చరణం అల్లుకోడానికి కూడా అదే వ్యవధి. చెయ్యి ఎంతసేపట్లో ఒక మొక్క నాటుతుందో పాటలో ముక్క కూడా అంతే పొడుగుంటుంది. అందుకే ఆ పాటలు ఒక్కసారి వింటే చాలు, నోటికి పట్టేస్తాయి.

జాతరలొస్తే ఇంకో పాఠం. మా కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకి వచ్చినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. తప్పెటగుళ్లవాళ్లు గుండెలమీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఎగిరెగిరి వాయిస్తూంటే పిల్లలు తిండి కూడా మర్చిపోతారు. జముకుల కథ సంగతి సరేసరి. ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యలోంచి తంతి లాగి మీటే జముకు మోగిందంటే, రాత్రి ఎంత పొద్దుపోయినా కదలబుద్ధి కాదు.

ఇవన్నీ వింటూ పెరిగే నేల వంగపండు గారిది. ఆయన పాటల్లో ఆ అడుగులు, ఆ గజ్జెలు, ఆ "ఎల్దాం, వొస్తాం" అన్న మాటతీరు అలాగే ఉంటాయి. పాట కోసం పుస్తకాల భాష అరువు తెచ్చుకోలేదాయన. మనం ఇంట్లో మాట్లాడుకుని, నలుగురిలోకి వెళ్లగానే దాచేసుకుంటామే, ఆ యాసనే దర్జాగా వేదికెక్కించారు.

చేతిలో పానా... నోట్లో పాట

పాటలు కట్టేవాళ్లంటే పొద్దస్తమానం ఏదో ఆలోచిస్తూ తిరుగుతారని మనకో అభిప్రాయం. వంగపండు గారు విశాఖపట్నం షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. ఓడలు కట్టేచోట ఇనుముతో, నూనె మరకలతో, మరల చప్పుడుతో పని.

ఆ చప్పుడులోంచే ఆయనకి పాట దొరికింది. 'యంత్రమెట్లా నడుస్తు ఉందంటె' అనే పాట ఆయనకి చాలా పేరు తెచ్చింది. యంత్రం తనంతట తను నడవదు, దాని వెనక మనిషి చెమట ఉంది అన్నది అందులో సారం. ఇంగ్లీషుతో సహా వేరే భాషల్లోకి కూడా ఆ పాట వెళ్లింది.

ఒక్కసారి ఆలోచించండి. మిక్సీ, గ్రైండరు, కుక్కరు... వంటింట్లో ఎన్ని యంత్రాలున్నా అన్నం దానంతటదే విస్తట్లోకి రాదు కదా! "అన్నీ మిషన్లే చేస్తున్నాయి, నీకింక పనేముంది?" అన్న మాట మనలో ఎంతమంది పడలేదు! కార్మికుల కోసం కట్టిన ఆ పాట మన వంటింటి గడప కూడా దాటి లోపలికి వస్తుంది.

పాట ఆయన్ని ఊరూరా తిప్పింది

1967నుంచి 1970 దాకా శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల, రైతుల పోరాటం జరిగిన సంగతి పెద్దవాళ్లకి గుర్తే. ఆ రోజుల్లో పాట కూడా పోరాటంలో భాగమైంది. బొడ్డపాడుకి చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథనే తీసుకుని, అందులో కొత్త కథ చెప్పారు. 1969లో ఆయన చనిపోయారు. ఆ గాలిలోనే వంగపండు గారి గొంతు కూడా పదునెక్కింది. 1972లో మొదలైన జననాట్యమండలిలో ఆయన గద్దర్ గారితోపాటు తొలినాళ్లనుంచీ ఉన్నారు. కాళ్లకి గజ్జె కట్టి, ఆడుతూ పాడుతూ ఊరూరా తిరిగారు. 'భూమి భాగోతం' అని నృత్యరూపకం కూడా కట్టారు. భాగోతం ఊళ్లో అందరికీ తెలిసిన ఆట. అందులో భూమి గురించిన గొడవ చెబితే, అక్షరం ముక్క రానివాళ్లకి కూడా అర్థమవుతుందని ఆయన ఉపాయం.

ఆ రాజకీయాలు మనకి నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అది ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆయన రాసిన మూడు వందలకు పైగా పాటల్లో చాలావాటిని జనం పుస్తకం చూసి నేర్చుకోలేదు. విని నేర్చుకున్నారు. పాటకి అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

పిలుపు పాట ప్రయాణం

ఇక అందరికీ తెలిసిన పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. వెళ్దాం వస్తావా అని ఒక కుర్రాణ్ణి పిలిచే పాట. పిలుపు శ్రీకాకుళం కొండలవైపు. మన ఊళ్ల పేర్లూ, కొండల పేర్లూ అందులో దొర్లుతూంటాయి. పిలిచే తీరు ఎంత చనువుగా ఉంటుందంటే, ఉద్యమం గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా దాన్ని సరదా పాటలాగే పాడేసుకుంటారు.

1986లో ఆర్.నారాయణమూర్తి గారు తీసిన 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలోకి ఆ పాట వెళ్లింది. ఇక అక్కణ్ణుంచి దానికి హద్దు లేదు. కాలేజీ వార్షికోత్సవాల్లో, పిక్నిక్ బస్సుల్లో, పెళ్లిళ్లలో ఎక్కడ చూసినా అదే.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పాట ఎంతగా జనంలో కలిసిపోయిందంటే, "అది పాతకాలం జానపదం" అని జనం నమ్మేశారు! పాట కట్టినవాడికి ఇది గొప్ప మెప్పే. అదే ఆయనకి నష్టం కూడా. 2009లో ఒక పెద్ద సినిమాలో ఆ పల్లవిని తన అనుమతి లేకుండా వాడుకున్నారని వంగపండు గారు అభ్యంతరం చెప్పారు. పత్రికల్లో కూడా ఆ సంగతి వచ్చింది. తన పాట తనదేనని, అరవై ఆరేళ్ల వయసులో, నలుగురి ముందుకొచ్చి చెప్పుకోవాల్సి రావడం ఎంత కష్టంగా ఉంటుందో ఊహించండి. మీరు ఏళ్లతరబడి పెడుతూ వచ్చిన ఆవకాయని ఎవరో సీసాలో పెట్టి అమ్ముతూంటే, "అది నా పాళ్లండీ" అని మీరు సాక్ష్యాలు తెచ్చుకోవాల్సి వచ్చినట్టు!

2017లో రాష్ట్రప్రభుత్వం ఆయనకి కళారత్న పురస్కారం ఇచ్చింది. 2020 ఆగస్టు 4న, డెబ్భై ఏడేళ్ల వయసులో, పార్వతీపురంలో ఆయన కన్నుమూశారు. ఆయన కుమార్తె వంగపండు ఉష గారు కూడా గాయనే. తండ్రి పాట ఆ ఇంట్లో ఆగిపోలేదు.

వందేళ్ల కిందట ఇంకో గొంతు

ఇది వంగపండు గారొక్కరి కథేనా అంటే కాదు. మా కోటబొమ్మాళినుంచి హైవేమీద శ్రీకాకుళం వైపు వెళ్తే నరసన్నపేట వస్తుంది. ఆ ప్రాంతంలోని గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారి పేరు మనం బళ్లో చదువుకున్నాం. 'మాకొద్దీ తెల్ల దొరతనము' పాట ఆయనదే. సహాయనిరాకరణ ఉద్యమం రోజుల్లో చదువు మధ్యలో వదిలేసి, పాట కట్టి, తనే వీధివీధినా తిరిగి పాడారు. అందుకు జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్లీ పాడారు, మళ్లీ జైలుకెళ్లారు. అప్పటి కలెక్టరు బ్రాకెన్ దొర ఆయన్ని పిలిపించి పాడించుకుని, తెలుగు రాని తనకే ఇంత ఉద్రేకంగా ఉంటే వచ్చినవాళ్లకి ఎలా ఉంటుందో తెలుస్తోందని అన్నాడని చెప్పుకుంటారు.

ఆ తర్వాత ఆయన ఏమయ్యారో మాత్రం బళ్లో మాకెవరూ చెప్పలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు వెళ్లారు. అక్కడ డాక్టరు కె.ఎన్.కేసరి గారు నడిపిన 'గృహలక్ష్మి'లో పనిచేశారు. అది ఆడవాళ్ల పత్రిక! అంటే మన అమ్మమ్మల, నానమ్మల కాలంలో వాళ్లు చదువుకున్న పత్రిక వెనక ఆ పాట కట్టిన చెయ్యి కూడా ఉందన్నమాట. చివరి రోజుల్లో జబ్బుతో, పేదరికంతో చాలా అవస్థపడి 1952 డిసెంబరులో మద్రాసులోనే పోయారు. దేశం మొత్తం పాడిన పాట! కట్టినాయన ఇంట్లో మాత్రం పొయ్యిలో పిల్లి లేచిందో లేదో చూసినవాళ్లు తక్కువ.

పాట ముందు పరుగెత్తుతుంది, పాట కట్టిన మనిషి వెనకబడిపోతాడు. గరిమెళ్ల గారికైనా, వంగపండు గారికైనా జరిగింది ఇదే.

"ఇండిపెండెంట్" అంటే?

ఈ కాలం పిల్లలు "ఇండిపెండెంట్ ఆర్టిస్టు" అంటూంటారు. మా ఆడపడుచు కూతురు విడమరిచి చెప్పింది. ఏ కంపెనీకీ కట్టుబడకుండా, తన పాట తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, తనే పాడి, జనానికి తనే అందించుకునేవాళ్లట. అమెరికాలో బఫెలో అనే ఊరి అమ్మాయి ఆనీ డిఫ్రాంకో ఇరవై ఏళ్ల ప్రాయంలో, 1990లో, సొంత రికార్డు కంపెనీయే పెట్టుకుంది. పాటలమీద హక్కు ఎవరికీ రాసివ్వకుండా తన దగ్గరే ఉంచుకుందని అక్కడ గొప్పగా చెప్పుకుంటారు.

వింటూంటే నాకు నవ్వొచ్చింది. గరిమెళ్ల గారు వీధిలో నిలబడి పాడినప్పుడు ఆయన వెనక ఏ కంపెనీ ఉంది? వంగపండు గారు గజ్జె కట్టుకుని ఊళ్లో దిగినప్పుడు మైకైనా ఉండేదో లేదో! మనవాళ్లు ఆ పని ఎప్పుడో చేశారు. ఆ అమ్మాయి చేసి, మనవాళ్లు చేయలేకపోయింది ఒక్కటే. పాటకి తన పేరు గట్టిగా ముడివేసుకోవడం.

చట్టం ఏం చెబుతోంది?

"పాటకి కూడా చట్టమా?" అనుకోకండి. మనకి 1957నాటి కాపీరైటు చట్టం ఉంది. ఇంట్లో పాడేవాళ్లు, రాసేవాళ్లు ఉంటే ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి.

పాటలో మాటలు ఒకరి సొత్తు, బాణీ ఇంకొకరి సొత్తు కావచ్చు. ఒకే మనిషి రెండూ చేస్తే రెండిటికీ ఆ మనిషే హక్కుదారు. పాడినవాళ్లకి కూడా తమ గొంతుమీద వేరే హక్కుంది.

మాటలమీద, బాణీమీద హక్కు కట్టినవాళ్లు బతికున్నంత కాలమూ, వాళ్లు పోయాక మరో అరవై ఏళ్లూ ఉంటుంది. గరిమెళ్ల గారి పాటల గడువు 2012తో తీరిపోయింది. అవి ఇప్పుడు అందరివీ. వంగపండు గారు రాసిన పాటల హక్కు 2080 చివరిదాకా ఉంటుంది. జనం నోట్లో ఉంది కదా అని అది "ఎవరిదీ కాని పాట" అయిపోదు.

హక్కు రావాలంటే రిజిస్టరు చేయించి తీరాలని లేదు. పాట రాసి పెట్టినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయిస్తే రేపు తగువొచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. కనీసం కాగితంమీద తేదీ వేసి ఉంచుకోవడం, ఫోన్లో పాడి దాచుకోవడం మంచిది.

సినిమాలకి రాసేవాళ్ల కోసం 2012లో చట్టం మార్చారు. పాట సినిమాహాల్లో కాక రేడియో, టీవీలాంటి చోట్ల వినిపించినప్పుడు వచ్చే రాయల్టీలో రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి సమాన వాటా రావాలి. ఆ వాటా వదులుకుంటున్నట్టు కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కాబట్టి ఎవరైనా "ఇక్కడ సంతకం పెట్టమ్మా, అంతా మేం చూసుకుంటాం" అంటే, ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్లకి చూపించి, అప్పుడు పెట్టండి. చీర కొనేటప్పుడే పదిసార్లు తిప్పి చూస్తాం, పాట అమ్మేటప్పుడు చూడొద్దూ!

మా ఇంటి సంగతి

మా ఆడపడుచు కూతురు ఆ రోజు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. పెళ్లి హడావుడి తగ్గాక తెలిసింది. కాలేజీ నోటుపుస్తకాల వెనక పేజీలనిండా దాని పాటలే! ఫోన్లో పాడి దాచుకుంది కూడా. "నాన్నకి తెలిస్తే తిడతారు అత్తా. పాటలు అన్నం పెడతాయా అంటారు" అంది.

అన్నయ్యగారి భయమూ తీసెయ్యదగింది కాదు. గరిమెళ్ల గారి చివరి రోజులు చదివిన ఏ తండ్రి మాత్రం భయపడడు? అందుకే ఓరోజు భోజనాల దగ్గర వంగపండు గారి సంగతి ఎత్తాను. "ఆయన షిప్‌యార్డులో ఫిట్టరు పని చేస్తూ పాటలు కట్టారు అన్నయ్యా. పనే ఆయనకి పాట ఇచ్చింది" అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "డిగ్రీ పాసవ్వమనండి. పాట మానమని నేనెప్పుడన్నాను?" అన్నారు. అన్నారో లేదో మాకందరికీ తెలుసు. అయినా ఎవరం ఎదురు చెప్పలేదు!

ఆ సాయంత్రం పిల్లా నేనూ ఓ కొత్త నోటుపుస్తకం తీశాం. ఇంట్లో ఆడవాళ్లకి వచ్చిన పాటలన్నీ అందులో రాయాలని. పాట, దానికింద ఎవరి నోట విన్నామో, వాళ్లెక్కడ నేర్చుకున్నారో, కట్టినవాళ్లు తెలిస్తే వాళ్ల పేరు. ఇంతే. మీరూ చెయ్యొచ్చు, ఒక్క పైసా ఖర్చు లేదు. పోపుల డబ్బా పక్కనే ఓ పుస్తకం, పెన్సిలు పెట్టుకోండి చాలు. పాటలు ఎక్కువగా పనిచేసేటప్పుడే గుర్తొస్తాయి.

మా అత్తగారిని కూర్చోబెట్టి పాడించాం. ఉభాల పాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు... పిల్ల గబగబా రాస్తోంది. చివర్లో ఆవిడ ఓ జోలపాట ఎత్తుకున్నారు. మా ఆయన్ని ఉయ్యాల్లో వేసి ఊపిన పాటట. అందులో మా ఇంటి వెనక చింతచెట్టు ఉంది, వాకిట్లో ఆవుంది, కలకత్తా మెయిలెక్కి పనికెళ్లిన మావగారున్నారు!

పిల్ల పెన్సిలు ఆపింది. "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావు అమ్మమ్మా?"

"నేర్సుకోడానికేటుంది? మీ తాత ఊళ్లో లేడు. రాత్రి గుంటడు పడుకోడు. నోటికొచ్చింది పాడీసినాను."

"అంటే నువ్వే కట్టావా?"

ఆవిడ కాసేపు తెల్లబోయి చూశారు. యాభై ఏళ్లుగా పాడుతున్నారు. ముగ్గురు పిల్లల్నీ, ఏడుగురు మనవల్నీ ఆ పాటతోనే నిద్రపుచ్చారు. ఆ పాట తను కట్టిందని ఆవిడకి ఏనాడూ తోచలేదు. పాటకి రాసినోడేటని నవ్వినావిడ!

పిల్ల పాట కింద గీత గీసి, "కట్టినది" అని రాసి, పక్కన వాళ్ల అమ్మమ్మ పేరు రాసింది.

"నా పేరెందుకే, ఎవులు సూస్తారు?" అంటూ ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. పొయ్యిమీద చోడి అంబలి కలిపి, గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ మళ్లీ వచ్చారు.

"ఏదీ, ఏ కాడ రాసినావు? ఓసారి సూపించు" అన్నారు.